అన్నం మాన్పించకండి, కేటగిరీ మార్పించండి

గుంటూరు నుంచి రాసిన అమ్మగారికి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అమ్మాయికి పదహారేళ్లు, జూడో ఆడుతోంది, మూడు వారాల్లో సెలెక్షన్స్ ఉన్నాయి. ఆడాల్సింది 52 కేజీల్లో, ఇవాళ పొద్దున తూకం 54.8. పది రోజులుగా రాత్రి అన్నం మానేసింది, మధ్యాహ్నం రెండు చపాతీలతో సరిపెడుతోంది, నీళ్లు కూడా లెక్కపెట్టి తాగుతోంది, కోచ్ రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తమన్నారు, మీరేమన్నా అంటే "నీకు తెలీదమ్మా" అంటోంది. అన్నం మానడం కరెక్టేనా, అసలు ఏం పెట్టాలి, కోచ్‌గారితో ఎలా మాట్లాడాలి అని అడిగారు.

నేను విజయవాడ కృష్ణలంకలో పుట్టి పెరిగాను. పన్నెండేళ్లు జూడో ఆడాను, పదహారేళ్లుగా పిల్లలకి నేర్పుతున్నాను, మధ్యలో స్పోర్ట్స్ న్యూట్రిషన్ కోర్సు చేశాను, అది ఎందుకు చేయాల్సి వచ్చిందో కింద చెప్తాను. ముందు సూటిగా జవాబు: ఆ పిల్లకి అన్నం పెట్టండి, పై కేటగిరీ 57 కేజీల్లో ఆడించండి.

57లో ఆడితే తనకన్నా రెండు కేజీలు ఎక్కువున్న వాళ్లు తగులుతారు, ఈసారి పతకం రాకపోవచ్చు, ఈ మాట మీ దగ్గర దాచను. కానీ 54.8 నుంచి 52 అంటే ఒంటి బరువులో ఐదు శాతం పైనే, అదీ మూడు వారాల్లో, అదీ ఇంకా ఎదుగుతున్న ఒంట్లోంచి తీయాలి. పెద్దవాళ్లకైతే వారానికి అరకేజీ లోపల మెల్లగా తగ్గించమని చెప్తాను, పదహారేళ్ల పిల్లకి అది కూడా చెప్పను. ఇంకో ఆర్నెల్లకి తను ఎలాగూ 56కి వస్తుంది, అప్పుడు ఏం చేస్తారు, ఇప్పుడు పెట్టే రెండు చపాతీలు ఒకటి చేస్తారా?

అన్నం మానగానే మొదటి నాలుగు రోజుల్లో కేజీ, కేజీన్నర దిగి ఉంటుంది, అది చూసి తనకి ధైర్యం వచ్చి ఉంటుంది. అక్కడే మోసపోతాం. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్లు ఉంటాయి. అన్నం ఆపేస్తే ఆ నిల్వ కరిగిపోతుంది, దాంతోపాటు నీళ్లూ పోతాయి, తూకం దిగుతుంది, కొవ్వు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. జూడోలో కాలర్ పట్టి లాగడానికీ, మనిషిని నడుం మీదికి ఎత్తి విసరడానికీ కావాల్సింది సరిగ్గా ఆ గ్లైకోజెనే. బౌట్ నాలుగు నిమిషాలు, సమానంగా ఉంటే గోల్డెన్ స్కోర్, దానికి టైమ్ పరిమితి లేదు, ఎవరో ఒకరు పాయింట్ తెచ్చేదాకానో పెనాల్టీలు పడేదాకానో ఆడుతూనే ఉండాలి. ఖాళీ కండరంతో మొదటి నిమిషం నెట్టుకురావచ్చు గానీ ఐదో నిమిషంలో మోకాళ్లు వంగిపోతాయి. చపాతీ విషయం కూడా చెప్తాను, మన వైపు అన్నం మాని చపాతీ తింటే సన్నబడతారని గట్టి నమ్మకం. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే గోధుమపిండిలో అంతకన్నా కొంచెమే తక్కువ. చపాతీతో తగ్గుతున్నారంటే రెండే తింటున్నారు కాబట్టి తగ్గుతున్నారు.

ఇప్పుడు నా సంగతి. 2001 మే నెల, నాకు పద్దెనిమిదేళ్లు, కేటగిరీ 48, నా బరువు 51న్నర, పోటీలకి ఐదు రోజులుంది. అప్పట్లో మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఎరువుల బస్తా లోపల ఉండే ప్లాస్టిక్ సంచికి తలకీ చేతులకీ కంతలు చేసి ఒంటి మీద వేసుకుని, పైన రెండు స్వెట్టర్లు తొడుక్కుని మధ్యాహ్నం రెండింటికి కృష్ణలంక కరకట్ట మీద పరిగెత్తాను, మే నెల బెజవాడ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చివరి రోజు నీళ్లు పూర్తిగా బంద్. రైల్లో రాత్రంతా చూయింగ్‌గమ్ నములుతూ ఖాళీ సీసాలోకి ఉమ్ముతూ కూర్చున్నాను, ఉమ్మి కూడా బరువే కదా అని. పొద్దున ఆరింటికి తూకం 47.9. అందరూ భుజం తట్టారు. చెంబుడు నీళ్లు గటగటా తాగేశాను, అరగంటలో మొత్తం కక్కేశాను. పదకొండింటికి మొదటి బౌట్, అవతలి అమ్మాయిని నేను అంతకుముందు రెండుసార్లు ఓడించాను. తన కాలర్ నా కళ్ల ముందే ఉంది, నా చెయ్యి దానిదాకా వెళ్లింది, గుడ్డ వేళ్లకి తగిలింది కూడా, కానీ వేళ్లు ముడుచుకోలేదు. రెండు వేళ్లు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయి నిలబడ్డాయి. ఆ తర్వాత పిక్క పట్టేసింది. నిమిషంన్నరలో ఇప్పన్‌తో, అంటే బౌట్‌ని అక్కడికక్కడే ముగించే పూర్తి పాయింట్‌తో, ఓడిపోయాను.

ఓటమి సంగతి వదిలేయండి. ఆ తర్వాత ఐదు నెలలు నాకు నెలసరి రాలేదు. ఎవరికీ చెప్పలేదు, పైగా ప్రాక్టీసుకి అడ్డు లేదని సంతోషపడ్డాను. మరుసటి ఏడాది కాలి ఎముకలో సన్నటి పగులు, స్ట్రెస్ ఫ్రాక్చర్ అన్నారు, నాలుగు నెలలు మ్యాట్ ఎక్కలేదు. చాలీచాలని తిండి, ఆగిన నెలసరి, పగిలిన ఎముక, ఈ మూడూ ఒకే తీగ అని నాకు తెలిసింది చాలా ఏళ్లకి, ఆ కోర్సులో కూర్చున్నాకే. చేసే కష్టానికి తగ్గ తిండి పడకపోతే ఒళ్లు ముందుగా పిల్లల్ని కనే వ్యవస్థనీ, ఎముకల మరమ్మతునీ పక్కన పెట్టేస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి కోచ్‌లనీ డాక్టర్లనీ హెచ్చరించింది. మగపిల్లల్లోనూ వస్తుంది, వాళ్లకి బయటికి కనపడే గుర్తు లేదు, అంతే తేడా. మీ అమ్మాయిని ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని నెలసరి సంగతి అడగండి. వరుసగా మూడు నెలలు రాకపోతే సెలెక్షన్స్ అయ్యేదాకా ఆగకుండా గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

పెద్ద ప్లేయర్లు అందరూ చేస్తున్నారు కదా అని తను అంటుంది. పారిస్ ఒలింపిక్స్‌లో 2024 ఆగస్టు 7న రెజ్లర్ వినేశ్ ఫోగట్‌కి ఏమైందో తనకి గుర్తు చేయండి. కొన్నేళ్లుగా 53లో ఆడిన మనిషి 50కి దిగాల్సి వచ్చింది, మొదటి రోజు తూకంలో పాసై ఫైనల్‌కి చేరింది, రెండో రోజు పొద్దున వంద గ్రాములు ఎక్కువ వచ్చింది. ఆ రాత్రంతా ఏమీ తినకుండా చెమటోడ్చి, చివరికి జుట్టు కత్తిరించినా దిగలేదు. చుట్టూ డాక్టర్లూ డైటీషియన్లూ ఉన్న మనిషికే అలా జరిగింది. రెయిన్‌కోటు విషయానికొస్తే, 1997 చివరిలో అమెరికాలో కొద్ది వారాల తేడాతో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు దించుకుంటూ చనిపోయారు, రబ్బరు సూట్లు వేసుకుని వేడిలో వ్యాయామం చేస్తూ. దాని తర్వాతే అక్కడి కాలేజీ పోటీల్లో ఆ సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు. మన వాతావరణంలో రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తడమంటే వడదెబ్బని పిలిచి తెచ్చుకోవడమే, ఈ ఒక్క విషయంలో కోచ్‌గారితో మొహమాటపడకండి.

ఇక ఏం పెట్టాలి. కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, మన వంటింట్లో ఉన్నదే చాలు, ఎప్పుడు ఎంత అన్నదే ముఖ్యం. కుస్తీ, బాక్సింగ్, జూడో లాంటివి ఆడేవాళ్లకి ఒంటి బరువులో కేజీకి 1.6 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే మీ అమ్మాయికి రోజుకి తొంభై గ్రాముల చుట్టుపక్కల. పిండిపదార్థం కేజీకి ఐదారు గ్రాములు, అంటే మూడు వందల గ్రాముల దాకా. రెండు చపాతీలతో ఇందులో నాలుగో వంతు కూడా రాదు.

మా దగ్గర ప్రాక్టీసు పొద్దున ఐదున్నరకి మొదలవుతుంది, మీకూ అలాంటిదే ఉంటుందనుకుంటున్నా. లేవగానే ఒక అరటిపండు, గ్లాసుడు పాలు. పాలు పడకపోతే రెండు ఖర్జూరాలు, నీళ్లు. ప్రాక్టీసు అయ్యి ఇంటికి రాగానే, స్నానం కూడా తర్వాతే, నాలుగు ఇడ్లీలు పల్లీ చట్నీతో, రెండు ఉడికించిన గుడ్లు, పచ్చసొనతో సహా. వారంలో రెండు మూడు రోజులు ఇడ్లీ బదులు పెసరట్టు వేయండి, నా లెక్కలో మన టిఫిన్లలో ఆటగాళ్లకి దానికి మించింది లేదు, అరవై, డెబ్బై గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బితే పదిహేను గ్రాముల ప్రొటీన్ పళ్లెంలోకి వస్తుంది. నూనె మాత్రం స్పూనుతో కొలిచి వేయండి. మధ్యాహ్నం వంద గ్రాముల బియ్యం వండిన అన్నం, అంటే రెండు చిన్న కప్పులు, గట్టి పప్పు ఒక కప్పు, ఒక కూర, గుడ్డు, పెరుగు. పప్పు గట్టిగా అని ఎందుకన్నానంటే చాలా ఇళ్లలో పప్పుచారు పోసి పప్పు తిన్నాం అనుకుంటారు, అందులో ఉండేది పసుపు నీళ్లే. సాయంత్రం ప్రాక్టీసుకి గంటన్నర ముందు సెనగ గుగ్గిళ్లు ఒక కప్పు, అరటిపండు. బ్రాడీపేట వైపు సాయంత్రం పూట మిరపకాయ బజ్జీలూ పునుగులూ ఎలా పిలుస్తాయో నాకు తెలుసు, ఆదివారం ఒకసారి తిననివ్వండి, రోజూ మాత్రం వద్దు. రాత్రి మళ్లీ అంతే అన్నం, వంద, నూటయాభై గ్రాముల చేపో కోడి మాంసమో, ఆకుకూర, మజ్జిగ. శీలావతి, బొచ్చె మనకి ఏడాది పొడవునా దొరుకుతాయి, పులుసు పెట్టండి, వేపుడు తగ్గించండి. ఇవన్నీ కలిపి లెక్కేసి చూశాను, తొంభై గ్రాములు దాటుతుంది, ఒక్క డబ్బా పొడి కొనకుండానే. శాకాహారులైతే గుడ్డూ చేపా స్థానంలో పనీరు, మీల్‌మేకర్, ఇంకాస్త పప్పు, పెరుగు పెంచాలి, కుదురుతుంది.

కండరం కోలుకునే టైము రాత్రి నిద్ర. అందుకే మిగతావాళ్ల సంగతేమో గానీ ఆడే పిల్లకి రాత్రి తిండి మానడమంత నష్టం ఇంకోటి లేదు. మీ అమ్మాయి మానేసింది సరిగ్గా అదే పూట.

తిండి మార్చడంతో పాటే ఒక రక్త పరీక్ష చేయించండి, హిమోగ్లోబిన్, వీలైతే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ కూడా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లోనూ సగం మంది అలాగే వస్తారు, రెండు రాండోరీలకే, అంటే ప్రాక్టీసులో ఆడే బౌట్లకే, ఆయాసపడతారు, కోచ్‌లేమో స్టామినా లేదు, బద్ధకం అంటారు. గోంగూర, తోటకూర పెట్టండి, కానీ ఆకుల్లోని ఐరన్ ఒంటికి తక్కువగా పడుతుంది, అన్నంలో నిమ్మకాయ పిండితేనో, తిన్నాక జామకాయ ముక్కో ఉసిరికాయో ఇస్తేనో బాగా పడుతుంది. వారానికోసారి మేక కార్జం వండితే ఇంకా మంచిది. భోజనం చేసిన వెంటనే టీ తాగే అలవాటుంటే ఆపించండి, తిన్న ఐరన్‌ని అదే అడ్డుకుంటుంది. మాత్రలు మాత్రం రిపోర్టు చూసి డాక్టరు రాస్తేనే. రాగిజావ కూడా ఇవ్వండి, వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, ఎముకలు గట్టిపడే వయసు ఇది.

నీళ్ల గురించి మా పిల్లలతో చేయించే పని ఒకటి చెప్తాను. ప్రాక్టీసుకి ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని తూకం చూసుకోవాలి. మా హాల్లో ఏసీ లేదు, పైన రేకులు, ఏప్రిల్ నెలలో గంటన్నరకి కేజీన్నర పోయిన పిల్లలున్నారు. పోయిన ప్రతి కేజీకీ లీటరుంపావు నుంచి లీటరున్నర, ఒక్కసారిగా కాకుండా రెండు మూడు గంటల్లో తాగాలి. ఒంటి బరువులో రెండు శాతం నీరు పోతేనే ఆట మందగిస్తుంది, మీ అమ్మాయి విషయంలో అది కేజీకి కాస్త ఎక్కువ, అంతే. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ అన్నిటికన్నా మంచిది. కొబ్బరినీళ్లు మంచివే గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. అందుకే కొబ్బరిబోండం తాగితే సరిపోయిందనుకోవద్దు, తోడుగా ఉప్పు పడాలి. ఓఆర్ఎస్ కొంటే మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న ప్యాకెట్టే అడగండి, లీటరు ప్యాకెట్టైతే లీటరు నీళ్లకి ఒకటి. ఓఆర్ఎస్ పేరుతో డబ్బాల్లో వచ్చే తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబరులో ఫుడ్ సేఫ్టీ అథారిటీ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఆవిడకి మనమంతా రుణపడి ఉన్నాం.

పోటీ రోజు సంగతి. ముందు సర్క్యులర్ చదవండి, తూకం ముందు రోజు సాయంత్రమా, అదే రోజు పొద్దునా అన్నది చూసుకోండి. 57లో ఆడితే తూకం గురించి టెన్షనే లేదు, ఇంట్లో ఎలా తింటుందో అలాగే తిని వెళ్తుంది. ముందు రోజు రాత్రి బయట బిర్యానీ వద్దు, ఇంటి అన్నం, పప్పు, పెరుగు చాలు. బౌట్‌కి మూడు గంటల ముందు ఇడ్లీలో, పెరుగన్నమో, కారం లేకుండా. గుంటూరు వాళ్లకి ఈ మాట చెప్పడం కష్టమే గానీ ఆ ఒక్క పూట ఆవకాయ, కారప్పొడి పక్కన పెట్టించండి, వీపు మీద పడేసినప్పుడు కడుపులో ఉన్న కారం గొంతులోకి తన్నుకొస్తుంది, నేను చూశాను. బౌట్ల మధ్య అరటిపండు సగం, రెండు మూడు ఖర్జూరాలు, ఓఆర్ఎస్ గుక్కలు గుక్కలుగా. స్టేడియం దగ్గర ఏం దొరుకుతుందో నమ్ముకోకుండా స్టీలు డబ్బాలో మీరే పెట్టి పంపండి.

కొన్ని విషయాల్లో మాత్రం అస్సలు రాజీ పడొద్దు. నీరు పోయే మాత్రలు, ఫ్యూరోసమైడ్ లాంటివి, ఎవరిచ్చినా పారేయండి. అవి డోపింగ్ జాబితాలో ఉన్నాయి, గుండె లయ తప్పించేంత ప్రమాదం కూడా. తూకం అయ్యాక నీరసంగా ఉందని ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి సెలైన్ ఎక్కించడం మన ఊళ్లలో మామూలైపోయింది. పన్నెండు గంటల్లో వంద మిల్లీలీటర్లకి మించి ఎక్కిస్తే అదీ డోపింగ్ నియమాల ప్రకారం నిషిద్ధమే, ఆసుపత్రిలో నిజంగా చికిత్స అవసరమైతే తప్ప. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలీదు. జిమ్‌లో అమ్మే రంగురంగుల పొడుల్లో ఏం కలిసిందో డబ్బా మీద ఉండకపోవచ్చు, పరీక్షలో దొరికితే శిక్ష పడేది ఆడిన పిల్లకే. పదహారేళ్లకి ఏ పొడీ అక్కర్లేదు.

కోచ్‌గారితో ఎలా మాట్లాడాలన్నారు. గొడవగా వద్దు, ఆయనకీ పతకం రావాలనే ఉంటుంది. వారం రోజులు పొద్దున్నే, బాత్రూంకి వెళ్లొచ్చాక, ఒకే మిషన్ మీద తూకం చూసి రాసి ఆ కాగితం, రక్త పరీక్ష రిపోర్టు తీసుకెళ్లి, "మా అమ్మాయి 57లో ఆడుతుంది, ఏడాదిలో అక్కడ గట్టిపడేలా చేయండి" అని చెప్పండి. ఆయన కాదంటే నిర్ణయం మీది, పిల్ల మైనరు.

అమ్మాయితో మాట్లాడేటప్పుడు లావు, సన్నం అన్న మాటలే ఎత్తకండి, చుట్టాల్ని కూడా ఎత్తనివ్వకండి. "తిను, తిను" అని వెంటపడినా మొండికేస్తుంది. ఇవాళ రాండోరిలో ఆఖరి రౌండు ఎలా ఉంది, పట్టు నిలిచిందా అని అడగండి. నాలుగు రోజులు కడుపునిండా తిని పడుకుంటే ఐదో రోజు తనకే తేడా తెలుస్తుంది. అన్నం మొదలుపెట్టిన వారంలో తూకం కేజీ పెరుగుతుంది, కంగారు పడుతుంది, అది ఖాళీ అయిన నిల్వ తిరిగి నిండటమేనని ముందే చెప్పి ఉంచండి.

ఇవాళ రాత్రికి పప్పన్నం, గుడ్డు, పెరుగుతో మొదలుపెట్టండి. రేపు పొద్దున రక్తం ఇప్పించి, రిపోర్టు వచ్చాక నంబర్ ఇక్కడే రాయండి. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే ముందు డాక్టరుకి చూపించండి, ఈ మూడు వారాల ప్రాక్టీసు ఎంత తగ్గించాలో ఆయన చెప్పినదాన్ని బట్టి మాట్లాడుకుందాం.